మునెప్ప తాడుకు నేను కట్టిన ముడి

మొన్న మా వీధి పిల్లోడొకడు పీఈటీగా ఉద్యోగంలో చేరబోతా, "సార్, మీ సర్వీసులో నేర్చుకున్నవి నాలుగు రాసియ్యండి, మాకు పనికొస్తాయి" అని అడిగాడు. నాలుగెందుకప్పా, ఒకటే రాస్తాను. వామప్ ఎట్ల చేయించాల, బాల్‌లో గాలి ఎంత కొట్టాల, టీఏ బిల్లు ఎట్ల రాయాల, ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఇది మాత్రం నేనే చెప్పాల. ఎందుకంటే ఆ వెధవ పని చేసింది నేను.

ట్రాక్‌సూటు

తొంభైల నడుమ మదనపల్లెలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాను. మేం పీడీ అంటాం. బెంగళూరులో కోచింగ్ డిప్లొమా చేసి వచ్చిన పొగరు ఒంటినిండా ఉండేది. నీలం ట్రాక్‌సూటు, మెడలో విజిలు, చేతిలో ఎవరు ఎక్కడ ఆడాలో బొమ్మలేసుకున్న నోటుబుక్కు. నా ముందరి సార్ రిటైరై రెండేళ్లయినా ఆ పోస్టు ఖాళీగానే ఉండింది. ఆ రెండేళ్లూ ఫుట్‌బాల్ టీముకు దిక్కెవరయ్యా అంటే మార్కర్ మునెప్ప.

గ్రౌండులో సున్నం గీతలు వేసే మనిషిని మార్కర్ అంటారు. మునెప్పది పుంగనూరు. వాళ్ల నాయన జీవితమంతా కూలికి పోయినవాడు, ఈయనకు కాలేజీలో పని దొరికింది. నలభై దాటిన మనిషి. సన్నగా ఉంటాడు, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, పాదాలకు ఎప్పుడూ సున్నం. ఐదో క్లాసు చదివాడు. ఫుట్‌బాల్ ఆడినవాడు కాదు. కానీ ఇరవై ఏళ్లు గీత పక్కన నిలబడి ఆట చూసిన కన్ను ఆయనది. పిల్లలందరూ మామా అని పిలిచేవాళ్లు.

ఆయన దగ్గర పొడుగాటి నార తాడొకటి ఉండేది. కొలతకొక ముడి. నడుమ గుండ్రానికి ఒక ముడి, పెనాల్టీ బాక్సుకు ఒకటి, పక్క గీతకు ఒకటి. అన్నీ ఆయన చేత్తో కట్టినవే, రెండు మెలికలు వేసి కొస లోపలికి దోపి. గ్రౌండు నడుమ మేకు కొట్టి, తాడు పట్టుకోని నడిచిపోయి, ముడి ఎక్కడ పడితే అక్కడ సున్నం. గీత ఆరకముందు ఎవరన్నా తొక్కితే ప్రిన్సిపాలైనా సరే, అరిచేవాడు.

"గీత మింద కాలు పెట్టొద్దు సామీ! పొద్దుట్నుంచి నడుం ఇరగ్గొట్టుకోని గీసినా!"

చుట్టుపక్కల పీడీలందరిదీ ఒకటే మాట. మునెప్ప గీసిన గ్రౌండుకు టేపు పెట్టే పనిలేదు.

నేను చేరిన రోజే ఆయన పిల్లల్ని వరసగా నిలబెట్టి నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఈళ్లే మన టీము. ఎవురు యాడ బాగా ఆడతారో సెప్తా, ఒక్క నిమిషం ఇనండి" అన్నాడు. నేను నోటుబుక్కు మూసి, "నువ్వు గీతలు చూసుకో మునెప్పా, టీమును నేను చూసుకుంటా" అన్నాను. పిల్లల ముందరే అన్నాను. ఆయన "అట్లే సార్" అని సున్నం డబ్బా ఎత్తుకోని పోయాడు. పిల్లలు నన్ను చూసిన చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఏం చెప్పాల నా తెలివికి!

కుప్పం

ఆ సీజన్ లీగులో మొదటి మ్యాచ్ కుప్పంలో. మా కెప్టెన్ గంగాధర, తంబళ్లపల్లె పిల్లోడు. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చినవాడు. మంచి పొడగరి. పొడగరిని వెనకాల, గోలు ముందర నడుమన నిలబెట్టాలని నా నోటుబుక్కులో ఉంది. నిలబెట్టాను.

బస్సెక్కే ముందు మునెప్ప నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, గంగాధరను ఎడం పక్కకు ఏయండి. వాడు గొర్రెల ఎనక పరిగెత్తినోడు. పక్కన జాగా ఉంటే వాణ్ని పట్టేటోడు ఈ జిల్లాలో లేడు. నడుమన పెడితే వాడికి ఊపిరాడదు."

"నిన్నెవరడిగారు?" అన్నాను.

నాలుగు గోల్స్ తిన్నాం. ఒక్కటీ కొట్టలేదు. కుప్పం వాళ్ల ఆటంతా పక్కలనుంచే. వాళ్లకు ఇద్దరు పిల్లలుండేవాళ్లు, ఈ పక్కొకడు, ఆ పక్కొకడు, బాల్ దొరికితే గీత వెంబడి గాలిలాగా పోయేవాళ్లు. తిరుగు బస్సులో నేను పిల్లల్ని ఊరికే తిట్టాను. "మీకు ఒళ్లు వంగదు, బుర్ర లేదు" అన్నాను. వి.కోట బస్టాండులో బస్సాగితే మునెప్ప దిగి ఉడకబెట్టిన చెనక్కాయలు పొట్లాలు కట్టించుకోనొచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. నా చేతిలో కూడా పెట్టాడు.

"తినండి సార్. ఓడిపోతే ఆకలెక్కువ."

తర్వాతి వారం గంగాధరను ఎడం పక్కకు మార్చాను. పిల్లల్ని కూర్చోబెట్టుకోని, "నేను బాగా ఆలోచించినాను, కుప్పం ఆట చూసినాక నాకొక సంగతి తట్టింది" అని మొదలుపెట్టి, మునెప్ప చెప్పిందంతా నా మాటగా చెప్పాను. ఆయన పది అడుగుల అవతలే కూర్చోని సున్నం జల్లిస్తా ఉన్నాడు. విన్నాడు. తలెత్తి చిన్నగా నవ్వి మళ్లీ జల్లెడ పట్టుకున్నాడు. నాకు అప్పుడే సిగ్గేయాల్సింది, వేయలేదు, "ఏం అనలేదులే" అని ఊపిరి పీల్చుకున్నాను.

పుంగనూరులో మూడు ఒకటితో గెలిచాం. అందులో రెండు గంగాధరవే. గీత పక్కన అరవొద్దని మునెప్పకు నేను ఆర్డరేసి ఉన్నాను. కానీ అది ఆయన సొంతూరు, ఆపుకోలేకపోయాడు. "ఒరే గంగా, ఎడంగా పోరా! ఆడ జాగా ఉండాది సూడు!" అని గీత వెంబడి పరిగెత్తాడు. వాడు పోయాడు, గోలు పడింది. మ్యాచ్ అయినాక వాడు నేరుగా మునెప్ప దగ్గరికి పోయి ఆయన్ని ఎత్తుకున్నాడు. తర్వాతే నా దగ్గరికొచ్చి చెయ్యిచ్చాడు. అది నాకు నచ్చలేదు. పచ్చిగా చెప్తాండా, కుళ్లుకున్నాను.

వరసగా గెలిచి ఫైనలుకొచ్చాం. కొత్త కోచ్ వచ్చి టీమును మార్చేశాడని ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో నన్ను పొగిడాడు. నేను తల దించుకోని వినయంగా నవ్వాను. "అది మార్కర్ చెప్పింది సార్" అని ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

ముప్పై అయిదు గజాలు

ఫైనల్ మా గ్రౌండులోనే. అవతల మళ్లీ కుప్పం. ఆ ఇద్దరు పిల్లలు నా కళ్లలో తిరుగుతా ఉండారు. గ్రౌండు వెడల్పు ఎంతుండాలో టోర్నమెంటు కమిటీ ముందే రాసిచ్చింది, డెబ్బై గజాలు. అంటే నడుమ మేకు నుంచి పక్క గీతకు ముప్పై అయిదు. తాడులో ఆ ముడి ఒక్కటి నాలుగు గజాలు లోపలికి జరిపితే చాలు, రెండు పక్కలా గ్రౌండు ఇరుకవుతుంది. పక్కల్లో జాగా లేకపోతే ఆ ఇద్దరూ ఏం చేస్తారు? ఎవరు కొలుస్తారు? గీసేది మునెప్ప కదా.

ఆయన పేరును నేను వాడుకున్నానని ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు అది ఉపాయమనుకున్నాను.

ముందు రోజు సాయంత్రం స్టోర్ రూములో ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేదు. తమాషాకు అంటున్నాననుకోని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ముఖం మారిపోయింది.

"వద్దు సార్. మనోళ్లు గెలుస్తారు. గంగా ఉండాడు."

"గంగాకు కూడా జాగా తగ్గుతుందని నాకూ తెలుసు. గోలు కొట్టకపోయినా పర్లేదు, తినకూడదు."

"ఇది తప్పు సార్. ఇరవై ఏండ్లుగా ఈ ముడి మారలేదు."

"మారుస్తావా, మార్చవా? నేను చెప్తాండా."

ఆయన తాడు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత దాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"గీత ఏయడం నా ఉద్యోగం, ఏస్తా. ముడి మాత్రం మీరే కట్టండి సార్. నా చెయ్యి రాదు."

కట్టాను. బూటు లేసు కట్టినట్టు కట్టాను, నాకు వచ్చిన ముడి అదే. పాత ముడి విప్పేశాను. పాత గీతల మీద నీళ్లు చల్లించి చీపురుతో చెరిపించాను. మరుసటి రోజు పొద్దున్నే మునెప్ప నా ముడి ప్రకారం గీతలు వేశాడు. ఎవరు గీత తొక్కినా ఆ రోజు ఆయన అరవలేదు.

షామియానా కింద

మ్యాచ్ మొదలైంది. నేననుకున్నట్టే కుప్పం పిల్లలు పక్కల్లో ఉక్కిరిబిక్కిరి అయ్యారు. బాల్ తోస్తే చాలు, గీత దాటిపోతాంది. మా గంగాధర ఆ ఇరుకులోనే ఎట్ల తిరిగాడో తిరిగి ఒక గోలు కొట్టాడు. ఊరంతా కేకలు. నేను విజిలు తాడు వేలికి చుట్టుకుంటా పెద్ద మొనగాడిలా తిరుగుతున్నాను.

రెండో సగంలో కుప్పం పిల్లోడొకడు గీత బయటినుంచి బాల్ విసరడానికి పోయాడు. బాల్ తీసుకునేదానికి వంగి, అట్లే ఆగిపోయాడు. కాళ్ల కింద మట్టిలో తెల్లగా పాత గీత చార. చీపురు ఎంత ఊడ్చినా సున్నం పోయి మట్టిలో ఇంకింది. వాడు తన సారును పిలిచాడు. ఆ సారు పెద్దాయన, మాట తక్కువ మనిషి. వచ్చి చూశాడు. అక్కణ్నుంచి కొత్త గీతకు అడుగులు వేసి లెక్కబెట్టాడు. రెఫరీ దగ్గరికి పోయి టేపు అడిగాడు.

కొలిచారు. అరవై రెండు.

షామియానా కింద కమిటీ వాళ్లు, ప్రిన్సిపాల్, రెండు టీముల పిల్లలు, అందరూ గుమిగూడారు. "ఏందయ్యా ఇది?" అని ప్రిన్సిపాల్ నన్నే అడిగాడు. నాకు ప్రొబేషన్ పూర్తి కాలేదు. అది నేను తర్వాత వెతుక్కున్న సాకు. ఆ క్షణంలో నాకు ప్రొబేషన్ గుర్తు కూడా లేదు. అంతమంది చూస్తాంటే నా ట్రాక్‌సూటు, నా డిప్లొమా, ఇవే కనిపించాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మార్కర్ కొలత తప్పినట్టుంది సార్."

తాడు తెమ్మన్నారు. మునెప్ప తెచ్చాడు. కమిటీలో ఒకాయన తాడు పట్టుకోని ఒక్కొక్క ముడీ చూస్తా వచ్చాడు. ఆ ముళ్లలో నాదొక్కటే వేరే. గుడ్డివాడు తడిమినా తెలిసిపోతుంది. సరిగ్గా ఆ ముడి దగ్గరికి వచ్చేసరికి మునెప్ప చెయ్యి చాపి, "నేను సూపిస్తా సార్" అని దాన్ని పిడికిట్లో పట్టేసుకున్నాడు. పట్టుకోని నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడు సెప్పండి సార్ అన్నట్టు చూశాడు.

నేను స్కోరు షీటు మీదికి తల వంచాను.

గంగాధర చెమటతో, మట్టితో ముందుకొచ్చాడు. "ఏం మామా, ఇరవై ఏండ్లుగా తప్పనిది ఈ పొద్దే తప్పిందా? మన కప్పు పొయ్యె కదా మామా!"

మునెప్ప ఇంకొక్కసారి నన్ను చూశాడు. నేను పెన్ను మూత తీస్తా, పెడతా ఉన్నాను.

"తప్పిందిరా నాయనా" అన్నాడు.

కప్పు కుప్పం వాళ్లకిచ్చారు. అదీ న్యాయమే.

లైబ్రరీ

మునెప్పను గ్రౌండు నుంచి తీసేసి లైబ్రరీలో వేశారు. పుస్తకాలు దులపడం, కుండలో నీళ్లు నింపడం. సంతకం పెట్టమని నాకే పంపారు ఆ కాగితం. పెట్టాను. ఇంకొకడైతే ఇక్కడ ఆగి ఏదో ఒకటి కప్పిపుచ్చుకుంటాడు. నేను రాస్తాండాను, పెట్టాను.

పిల్లలు ఆయనతో మాట్లాడటం మానేశారు. గంగాధర కాలేజీలో ఉన్నంత కాలం లైబ్రరీ మెట్లెక్కలేదు. "ఆయప్పను నమ్మి చెడినాం సార్" అని నాతోనే అన్నాడొకసారి. నేను వాడి భుజం తట్టాను. చూడండి, భుజం తట్టాను! ఓదార్చాను!

ఆ తర్వాత కొత్త మార్కర్ వచ్చాడు, గీతలు వంకరగా వేసేవాడు. నాకు మంచి పేరొచ్చింది. మునెప్ప ఉదంతం తర్వాత ప్రతి మ్యాచుకూ నేనే టేపు పట్టుకోని కొలిచేవాణ్ని కదా, కచ్చితమైన మనిషి అన్నారు. గ్రౌండుకు పోయే దారి లైబ్రరీ కిటికీ ముందునుంచే. ఆ కిటికీ దగ్గర నడక తొందర చేసేవాణ్ని. ఎదురుపడితే ఆయనే ముందు నమస్తే సార్ అనేవాడు. నాకు ముఖం చెల్లేది కాదు. రేపు చెప్దాం, వచ్చే నెల చెప్దాం, ఆయన రిటైరయ్యే రోజైనా చెప్దాం అనుకున్నాను. ఆయన రిటైరయ్యే రోజు నేను లీవు పెట్టాను.

కొత్తగా చేరే పిల్లలూ, ఒకటి వినండి. తప్పు చేసినప్పుడు చెప్పడం కష్టం. మరుసటి రోజు ఇంకా కష్టం. ఏళ్లు గడిచేకొద్దీ అది పాతబడి తేలికవుతుందని అనుకుంటారేమో, కాదు, ఆ అబద్ధం మీద జీతం, పేరు, మర్యాద అన్నీ పెరుగుతా పోతాయి.

పుంగనూరు దారి

రెండు వేల ఇరవై దాటినాక నేనూ రిటైరయ్యాను. ఫంక్షనుకు గంగాధర వచ్చాడు. సదుంలో స్కూల్లో పీఈటీ అప్పటికి. మైకు పట్టుకోని, "మాకు ఆటకంటే ముందు నిజాయితీ నేర్పించినోడు మా సార్. కొలత తప్పితే గెలుపు గెలుపే కాదని ఆ ఫైనల్ నాడు తెలుసుకున్నాం. ఈ పొద్దుకూ నా పిల్లలకు అదే సెప్తాండా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు నా చేతికొచ్చింది. చెప్పేదానికి అంతకంటే మంచి జాగా ఉండదు. నోరు తెరిచాను. "అందరికీ ధన్యవాదాలు" అన్నాను. తల కొట్టేసినట్టయింది.

మునెప్ప రాలేదు. నేను పిలవలేదు.

భోజనాలైనాక గంగాధరను అడిగాను. "పుంగనూరు మీదుగానే కదా పోతావు, నన్ను మునెప్ప ఇంటికాడ దించు" అన్నాను.

"ఆయప్పతో మీకు పనేంది సార్?"

"ఉండాది పద."

వాడి బండి వెనకాల కూర్చున్నాను, మెడలో మాల, ఒళ్లో శాలువా. ఊరు దాటినాక చెప్పాను. వాడి ముఖం కనిపించదు కాబట్టే చెప్పగలిగాను, అదీ పిరికితనమే. ముడి నేను కట్టానని చెప్పాను. ఆయన వద్దన్నాడని చెప్పాను. ఎడం పక్క ఆడమన్న మాట కూడా ఆయనదేనని చెప్పాను.

బండి మెల్లగా రోడ్డు పక్కకు పోయి ఆగింది. వాడు వెనక్కి తిరగలేదు.

"దిగండి సార్."

దిగాను. వాడు తిట్టినా బాగుండును. బండి పోయింది. నేను మాల తీసి శాలువాలో చుట్టి, చంకలో పెట్టుకోని, ఎండలో బస్సు కోసం నిలబడ్డాను. బస్సులో ఎవరో, "ఏం సార్, పెండ్లికా?" అని అడిగారు.

పుంగనూరులో దిగి నలుగురిని అడిగి మునెప్ప ఇల్లు కనుక్కున్నాను. గంగాధర బండి వాకిట్లోనే ఉంది. లోపల మంచం మీద మునెప్ప. తల పూర్తిగా నెరిసిపోయింది. మంచం పక్కన ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీలో గంగాధర, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకోని కూర్చోనున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను గడపలోనే ఆగిపోయాను. "మునెప్పా, ఆ ముడి నేను కట్టింది" అన్నాను. ఇన్నేళ్లు మోసింది ఆ నాలుగు మాటలే.

"తెలుసు కదా సార్" అన్నాడు ఆయన. "నా సేతి ముడి అట్లుండదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు సెప్తారని సూస్తా ఉంటి. రోజూ కిటికీకాడ మీరు పోయేది సూస్తాంటి, ఈ పొద్దు ఆగతారేమో అని. పిల్లోళ్లు వచ్చి మామా అంటారేమో అని." భుజం మీది తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "సర్లేండి. వచ్చినారు కదా. ఎందుకు ఆడే నిలబడినారు? లెయ్‌రా గంగా, సారుకు కుర్చీ ఇయ్యి."

గంగాధర కదల్లేదు.

"ఒరే, నీకే సెప్తాండా. పెద్దాయన, ఎండలో వచ్చినాడు. లెయ్."

గ్రౌండులో ఆయన ఎడంగా పొమ్మంటే ఎడంగా, ఆగమంటే ఆగినవాడు గంగాధర. ఈ ఒక్క మాట మాత్రం వినలేదు. నా వైపు చూడకుండా ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నేను నిలబడే ఉన్నాను.